క్యానిస్టర్ మార్చాక పోయిన పికప్: 55 సీసీ పెట్రోల్ విమానం కేస్ స్టడీ

రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానం మీద వచ్చిన ఫిర్యాదు ఇది. నేలమీద రేజ్ చేస్తే ఏదో తీసుకుంటుంది. గాల్లో పైనుంచి స్లోలో నిట్టనిలువుగా దించి, కింద మళ్లీ థ్రాటిల్ ఇచ్చేసరికి దగ్గుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. క్యానిస్టర్ అనే రకం సైలెన్సర్ పెట్టినప్పటి నుంచీ ఇదే తంతు. పైగా ఫుల్ థ్రాటిల్‌లో ఆర్పీఎం పెరగాల్సింది పోయి తగ్గింది.

విమానం 88 అంగుళాల రెక్కల ఎక్స్‌ట్రా 300, పెట్రోల్ పోయకుండా 7.8 కిలోలు. ఇంజన్ 55 సీసీ సింగిల్ సిలిండర్ టూ-స్ట్రోక్. రీడ్ వాల్వు, వెనక వాల్బ్రో రకం డయాఫ్రమ్ కార్బురేటర్, హాల్ సెన్సర్‌తో నడిచే సీడీఐ ఇగ్నిషన్. ప్రాప్ (ప్రొపెల్లర్) 23×8 అంగుళాలు. ఇంజన్‌తో వచ్చిన డబ్బా సైలెన్సర్‌తో నేలమీద 6,600 తిరిగేది. క్యానిస్టర్ పెట్టాక 6,300 దాటలేదు.

దీని యజమాని విజయనగరంలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మాస్టారు. ఆయన ఎగరేసే పొలాల పక్క ఊరివాళ్లు చప్పుడికి గేదెలు బెదురుతున్నాయని గొడవపెడితే, చప్పుడు తగ్గించడానికి ఎవరో వాడేసిన క్యానిస్టర్ ఒకటి తెప్పించుకుని బిగించారు. మా షాపు శ్రీకాకుళంలో. మాకు వచ్చేవి ఎక్కువగా తైవాన్ స్ప్రేయర్లు, జీడి తోటల్లో గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే చైన్ సాలు. వాటిలో చాలావాటికి ఉండేదీ, ఈ విమానానికి ఉన్నదీ ఒకే జాతి కార్బురేటర్. అలా ఒకరి నోట ఒకరు చెప్పుకుని విమానాల వాళ్లు కూడా రావడం మొదలైంది.

ఏ ఇంజన్ వచ్చినా ముందు చేసేది ఒకటే. కార్బురేటర్‌లో పెట్రోల్ ఎంత పోవాలో తేల్చే రెండు మరలు, అంటే నీడిల్స్ (స్లోకి లో, ఫుల్ థ్రాటిల్‌కి హై), ఎక్కడున్నాయో చుట్లు లెక్కపెట్టి రాసుకోవడం. రెండూ మెల్లగా మూసుకునేదాకా తిప్పి, ఎన్ని చుట్లకు మూసుకుందో చూస్తాను. గట్టిగా బిగిస్తే నీడిల్ కొనకు గాటు పడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా సెట్ కాదు. ఇక్కడ లో నీడిల్ దాదాపు రెండు చుట్లు తెరిచి ఉంది. హై నీడిల్ ఒక చుట్టు కూడా సరిగ్గా లేదు. ఈ తరహా ఇంజన్లు ఎక్కువగా రెంటికీ ఒకటింపావు, ఒకటిన్నర మధ్య ఎక్కడో కుదురుకుంటాయి. ఒకటి బాగా తెరిచి, రెండోది బాగా మూసి ఉందంటే దాని వెనక ఒక కథ ఉంటుంది. అడిగితే మాస్టారు దాచలేదు. "దగ్గిన ప్రతిసారీ పెట్రోల్ చాలలేదనుకుని లో తెరిచానండి. అప్పుడు పైన పొగ వస్తోందని హై మూశాను."

అంటే రోగం ఎటువైపుందో తేలకుండానే మందు పడిపోయింది.

ఎండి ఆగడమా, మునిగి ఆగడమా

థ్రాటిల్ ఒక్కసారి తెరిస్తే ఇంజన్ ఆగిపోవడానికి రెండు దారులున్నాయి. పెట్రోల్ చాలక ఆగడం, పెట్రోల్ ఎక్కువై ఆగడం. గాల్లో ఉన్నప్పుడు దూరం నుంచి వింటే రెండూ ఒకేలా ఉంటాయి, దగ్గర నుంచి వింటే ఉండవు. చాలకపోతే ఇంజన్ టక్కున నోరు మూసుకుంటుంది. ఒక్కోసారి కార్బురేటర్ నోట్లోంచి ఠప్‌మని వెనక్కి కొడుతుంది. ఎక్కువైతే బుడబుడమంటూ తటపటాయించి, పొగ వదిలి, మోసుకోలేక మోసుకోలేక పైకి లేస్తుంది, లేదంటే అలాగే కూలబడిపోతుంది.

తోకను మేకుకు కట్టి, చక్రాలకు అడ్డుపెట్టి, నేను ప్రాప్ వెనక వైపు కూర్చున్నాను. ప్రాప్ తిరిగే గీతలో గానీ, దాని ముందు గానీ ఎవరూ నిలబడకూడదు. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. 23 అంగుళాల ప్రాప్ దగ్గర ఈ రెండు విషయాల్లో ఎవరికీ మినహాయింపు లేదు, మాస్టారికైనా సరే.

చేసిన పరీక్ష తేలికైనది. ఇంజన్ బాగా వేడెక్కాక స్లోలో పెట్టి వెంటనే రేజ్ చేస్తే ఎలా ఉందో చూశాం. మళ్లీ అర నిమిషం పైగా స్లోలోనే వదిలేసి, అప్పుడు రేజ్ చేశాం. వెంటనే ఇచ్చినప్పుడు పర్వాలేదు, తీసుకుంది. స్లోలో కాసేపు ఉన్నాక ఇస్తే దగ్గింది. స్లోలో ఉన్నంతసేపూ పిస్టన్ కింది గది అయిన క్రాంక్ కేస్‌లో తడి పేరుకుంటోందన్నమాట. పెట్రోల్ చాలని ఇంజన్ రెండుసార్లూ ఆగాలి.

మా దగ్గర పనిచేసే గుంటడు పదేళ్లుగా స్ప్రేయర్లు వింటున్నవాడు. కాగితాలూ లెక్కలూ వాడికి పట్టవు. దూరంగా చైన్ సా చైనుకు పదును పెడుతూనే అన్నాడు: "ఎండిపోయి చావడం నేదు బావూ, మునిగిపోయి చస్తన్నాది."

ప్లగ్ విప్పితే కొన నల్లగా, తడిగా ఉంది. లో నీడిల్‌ని ఒకటింపావుకు మూసి, హై నీడిల్‌ని ఒకటిన్నరకు తెరిచాను. నేలమీద దగ్గు సగానికి తగ్గింది. ఆర్పీఎం మాత్రం 6,300 దగ్గరే మొండికేసింది. అంటే నీడిల్స్ కాకుండా వేరే లోపం ఉందని తేలింది. అక్కడితో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను.

సైలెన్సర్ సంగతి

మాస్టారి మనసులో నిజానికి క్యానిస్టర్ లేదు, ట్యూన్డ్ పైప్ ఉంది. ఆర్‌ఎక్స్ 100 నడిపిన తరానికి ఆ మోజు పోదు. సైలెన్సర్ పొడవు కాస్త మారిస్తే బండి గుణమే మారిపోవడం మా వీధిలో అందరూ చూసినదే. అందుకని ముందు ఆ లెక్క వేసి చూపించాను.

ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే ఒక ఒత్తిడి అల పైపులోకి వెళ్తుంది. చివర ఉన్న కోన్‌కి తగిలి వెనక్కి వస్తుంది. అది సరిగ్గా పోర్టు మూసుకోబోయే ముందు తిరిగొస్తే, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని లోపలికి నెట్టేస్తుంది. ఆ అదనపు బలమంతా అక్కడి నుంచే. పోర్టు తెరిచి ఉండే కోణాన్ని ఆర్పీఎంకు 12 రెట్లతో భాగించి, అల వేగంతో గుణిస్తే పొడవు వస్తుంది. డిగ్రీ చక్రం పెట్టి కొలిస్తే ఈ ఇంజన్‌లో పోర్టు 156 డిగ్రీలు తెరిచి ఉంటోంది. వేడి పొగలో అల వేగం సెకనుకు 510 మీటర్లు అనుకుని, 7,000 ఆర్పీఎంకు లెక్కేస్తే పిస్టన్ ముఖం నుంచి వెనక కోన్ దాకా 95 సెంటీమీటర్లు తేలింది. ఈ విమానం పొట్టకింద సొరంగం 65 సెంటీమీటర్లు మాత్రమే. అక్కడికే ఆ ముచ్చట తీరింది.

చోటున్నా నేను వద్దనేవాడినే. ట్యూన్డ్ పైప్ ఒక ఆర్పీఎం దాటగానే ఒక్కసారిగా అందుకుంటుంది. వేగంగా సాఫీగా ఎగిరే వాళ్లకు అది బాగుంటుంది. ముక్కు పైకెత్తి గాల్లో వేలాడదీసే వాళ్లకు థ్రాటిల్ చిటికెడు కదిపితే చిటికెడే బలం రావాలి. మాస్టారు వేలాడదీసే రకం.

క్యానిస్టర్ పని వేరు. దాంట్లో తిరిగొచ్చే అల కోసం కొలిచి పెట్టిన కోన్ ఉండదు. పొగ ఒక్కసారిగా వ్యాకోచించడానికి చోటిచ్చి, మెల్లగా బయటికి వదిలేస్తుంది. కాబట్టి అక్కడ చూడాల్సింది ముఖ్యంగా రెండే: లోపల చోటు ఎంత, బయటికి దారి ఎంత. ఈ రెండూ ఎవరూ కొలవరు. డబ్బా బయటి పొడవు, మెరుపు చూసి కొంటారు.

విప్పి, పొగ గొట్టానికి రబ్బరు బిరడా పెట్టి, హెడర్ (ఇంజన్ నుంచి పొగ తెచ్చే గొట్టం) వైపు నుంచి కొలగ్లాసుతో నీళ్లు పోశాను. 480 మిల్లీలీటర్లకు నిండిపోయింది. 55 సీసీకి తొమ్మిది రెట్లు కూడా లేదు. నేను పెట్టుకునే లెక్క తక్కువలో తక్కువ పన్నెండు రెట్లు, పదిహేను దాటితే నిశ్చింత. పొగ గొట్టం లోపలి వ్యాసం 14 మిల్లీమీటర్లు. ఇది 30 సీసీ ఇంజన్‌కి కొన్న క్యానిస్టర్ అయ్యుండాలి, అమ్మినవాళ్లు 55కి సరిపోతుందని చెప్పి పంపారు.

చోటు చాలకపోతే ఏమవుతుందంటే, కాలిన పొగ పూర్తిగా పోదు. తర్వాతి విడత తాజా మిశ్రమంలో అదే కలిసి ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో బలం తగ్గి వేడి పెరుగుతుంది. సగం థ్రాటిల్‌లో ఒక విడత మండి ఒక విడత మండక బుడబుడమని మిస్సింగ్ కొడుతుంది. వినేవాళ్లు దాన్ని పెట్రోల్ ఎక్కువైన చప్పుడనే అనుకుంటారు, నీడిల్ మూస్తారు. పొగ పోక మిస్సయ్యే ఇంజన్‌కి పెట్రోల్ కూడా తగ్గిస్తే వేడి ఇంకా పెరుగుతుంది. ప్లగ్ వాషర్ కింద సెన్సర్ పెట్టి చూస్తే, ఫుల్ థ్రాటిల్‌లో నిలకడగా నడిపాక 190 డిగ్రీల సెల్సియస్ దాటింది. నాకు 160 లోపుంటేనే నిద్ర పడుతుంది.

ఇంకో డబ్బా తెప్పించాం. నీళ్లు పోస్తే 900 మిల్లీలీటర్లు పట్టింది. పొగ గొట్టం 20 మిల్లీమీటర్లు. వ్యాసంలో తేడా ఆరు మిల్లీమీటర్లే అయినా దారి వైశాల్యం 154 నుంచి 314 చదరపు మిల్లీమీటర్లకు, అంటే రెట్టింపుకు పెరిగింది. హెడర్‌కీ క్యానిస్టర్‌కీ మధ్య టెఫ్లాన్ కప్లర్ వేసి, రెండు గొట్టాల చివరలూ ఒకదానికొకటి తాకకుండా మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు ఉంచాను. తాకితే వణుకుకి అల్యూమినియం అరిగి పొడి రాలుతుంది. మరీ దూరమైతే వేడి పొగ టెఫ్లాన్‌ని తినేస్తుంది. వెనక కొన గట్టిగా బిగించకుండా సిలికాన్ రింగులో కూర్చోబెట్టాను. ఇంజన్ ఎటు ఊగితే అటు ఊగాలి, లేకపోతే హెడర్ అతుకు దగ్గర పగులుతుంది. హెడర్ గ్యాస్కెట్ అంచున నల్లటి చార ఉంటే పొగ కారుతున్నట్టే. ఇక్కడ సన్నగా ఉంది. కొత్తది వేశాను.

ఆర్పీఎం 6,800కి వచ్చింది. అంటే పాత డబ్బా సైలెన్సర్ కంటే రెండు వందలు ఎక్కువ. వేడి 165 దగ్గర నిలబడింది. సగం థ్రాటిల్‌లో మిస్సింగ్ పోయింది. మాస్టారు అప్పుడే ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. కానీ అసలు ఫిర్యాదు గాల్లోది, నేలమీద ఎంత బాగున్నా దాన్ని లెక్కలోకి తీసుకోలేం. ఎగరేసి చూస్తే నిజంగానే మిగిలి ఉంది. నిలువుగా దించి కింద థ్రాటిల్ ఇస్తే, ఆగకపోయినా, ఒకసారి దగ్గి గానీ అందుకోవట్లేదు.

కార్బురేటర్ లోపల

దీని గురించి తక్కువే చెప్పాలి. మీటరింగ్ డయాఫ్రమ్‌ని వేలితో నొక్కితే మెత్తగా, చప్పుడు లేకుండా లోపలికి పోవాలి. ఇది చిప్స్ కవరులా చిటపటలాడింది. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత రకం రబ్బరుకీ ట్యూబులకీ అది పడదు. మిశ్రమం లెక్క కూడా మారుతుంది: ఉత్త పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఈ 20 శాతం పెట్రోల్‌కి 13.5 దరిదాపుల్లో చాలు. కాబట్టి పాత రోజుల్లో రాసుకున్న నీడిల్ చుట్లు ఇప్పుడు కొద్దిగా లీన్ (పెట్రోల్ తక్కువ) అవుతాయి. మన తీరంలో గాలి చెమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. ఇథనాల్ ఆ చెమ్మను పీల్చుకుంటుంది, మోతాదు మించితే నీళ్లతో కలిసి డబ్బా అడుక్కి దిగిపోతుంది. 32:1 పాళ్లలో 5 లీటర్లకు 156 మిల్లీలీటర్ల సింథటిక్ ఆయిల్ పోసి, మూత బిగించి, ఆ వారం పది రోజుల్లో వాడేయమని అందరికీ చెబుతాను. మిగిలింది బైకులో పోసుకోవచ్చా అంటే, పాత టూ-స్ట్రోక్ బండి ఉన్నవాళ్లు పోసుకోవచ్చు.

డయాఫ్రమ్ కిట్ మార్చాక స్లో నిలకడగా వచ్చింది, 1,600 దగ్గర ఊగకుండా నిలిచింది. కింద దగ్గు మాత్రం మారలేదు.

కౌల్ తీస్తే పోయే రోగం

ఇక్కడే ఈ కేసులో ఎక్కువ సమయం పోయింది, చెప్పదగ్గదీ ఇక్కడే ఉంది.

మాస్టారు మాటల మధ్య ఒక సంగతి అన్నారు. మొదటి క్యానిస్టర్ పట్టడానికి కౌల్ (ఇంజన్ మీద కప్పే ముక్కు తొడుగు) లోపల ఉన్న బాల్సా అడ్డుపలక ఒకటి కోసేశారట. ఆ పలక ముందు నుంచి వచ్చే గాలిని సిలిండర్ రెక్కల మీదికి మళ్లించేది. అది పోయాక గాలి నేరుగా వెనక్కి వచ్చి కార్బురేటర్ పక్క పలకను కొడుతోంది. ఆ పలక మధ్యలోనే గుండుసూది దూరేంత రంధ్రం ఉంటుంది.

ఆ రంధ్రమే కీలకం. ఈ కార్బురేటర్‌లో బైకుల్లోలా తొట్టీ, తేలుడూ (ఫ్లోట్) ఉండవు. మీటరింగ్ డయాఫ్రమ్‌కి ఒకవైపు పెట్రోల్, ఇంకోవైపు ఆ రంధ్రం గుండా వచ్చే బయటి గాలి. వెంచురీలో (గాలి వెళ్లే సన్నటి నడుములో) గాలి పరుగెత్తి పెట్రోల్‌ని లాగితే, బయటి గాలి డయాఫ్రమ్‌ని లోపలికి నెడుతుంది, అది చిన్న మీటను నొక్కుతుంది, సూది తెరుచుకుని కొత్త పెట్రోల్ వస్తుంది. అంటే ఎంత పెట్రోల్ ఇవ్వాలో కార్బురేటర్ తేల్చుకునేది ఆ రంధ్రం దగ్గరి ఒత్తిడికీ వెంచురీలోని ఒత్తిడికీ ఉన్న తేడాను బట్టి. రంధ్రం మీద ప్రాప్ గాలి కొట్టిందనుకోండి, ఇంజన్ అడగకపోయినా మీట నొక్కుకుంటుంది. స్లోలో ఉన్న ఇంజన్‌కి అక్కర్లేని పెట్రోల్ లోపలికి కారుతుంది.

నిలువుగా దిగేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతోంది. థ్రాటిల్ స్లోలో ఉంటుంది, విమానం వేగం పెరుగుతుంది, కౌల్‌లోకి గాలి దూసుకొస్తుంది. దిగినంతసేపూ క్రాంక్ కేస్ తడుస్తుంది. కింద థ్రాటిల్ ఇచ్చేసరికి ఆ తడంతా ఒక్కసారి లేచి ప్లగ్‌ని ముంచేస్తుంది. మాస్టారు అది చూసి లీన్ అనుకుని లో నీడిల్ ఇంకా తెరిచారు. మునుగుతున్నదాని నెత్తిన నీళ్లు పోసినట్టయింది.

ఊహ ఎంత బాగున్నా కొలవకుండా నమ్మకూడదు. మీటరు పొడవున్న పారదర్శక గొట్టాన్ని ఇంగ్లిష్ యు అక్షరంలా వంచి చెక్కపలకకు కట్టి, సగం దాకా రంగునీళ్లు పోశాను. ఒక కొనను సన్నటి ట్యూబుతో కార్బురేటర్ పలక పక్కకు, రెండో కొనను విమానం పొట్టలోకి పెట్టాను. స్లోలో రెండు మట్టాలూ సమానం. ఫుల్ థ్రాటిల్‌లో 18 మిల్లీమీటర్ల తేడా వచ్చింది, అది కూడా వణుకుతూ, నిలకడ లేకుండా. ఇది ఒకచోట నిలబడిన విమానం. గాల్లో సెకనుకు 35 మీటర్ల వేగంలో గాలిని పూర్తిగా అడ్డుకుంటే పుట్టే ఒత్తిడి 70 మిల్లీమీటర్ల నీటిమట్టానికి సమానం. కౌల్ లోపల అదంతా రాదు, సగం వచ్చినా ఈ మీటకు చాలా ఎక్కువ. కౌల్ విప్పి మళ్లీ నడిపితే ఫుల్ థ్రాటిల్‌లో కూడా మట్టాలు దాదాపు కదల్లేదు.

ఇంకో లోపం కూడా కనబడింది. కౌల్‌లోకి గాలి వచ్చే దారి 60 చదరపు సెంటీమీటర్లు, పోయే దారి 75. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి పోయే దారి వచ్చే దారికి రెండున్నర, మూడు రెట్లు ఉండాలి. గాలి దూరుతోంది గానీ బయటికి పోలేక లోపల ఒత్తిడి పెంచుతోంది, సిలిండర్‌ని చల్లబరచకుండానే.

చేసిన రిపేరు చూడటానికి చిన్నదే. పలకకున్న నాలుగు స్క్రూలు విప్పి, డయాఫ్రమ్ పక్కన పెట్టి, మూడు మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం ముక్కను ఆ రంధ్రం మీద టంకం పెట్టాను. డయాఫ్రమ్ తీయకుండా టంకం పెడితే అది కాలిపోతుంది. ఫ్లక్స్ పూర్తిగా కడిగి, గొట్టం నోటితో ఊది దారి ఉందో లేదో చూసి, తిరిగి బిగించాను. దానికి పెట్రోల్ ట్యూబు తగిలించి, ఫైర్‌వాల్ (ఇంజన్ వెనక అడ్డుగోడ) దాటించి, విమానం పొట్టలో గాలి కదలని మూలకు చేర్చాను. రెండో కొన తెరిచే ఉండాలి. కొందరు రంధ్రాన్ని పూర్తిగా మూసేస్తారు, అప్పుడు డయాఫ్రమ్ కదల్లేదు, ఇంజన్ మొదలవడమే కష్టమవుతుంది. ఈ గొట్టం పెట్టేముందు అది పంపు వైపు పలక కాదని చూసుకోవాలి. ఒకే స్క్రూతో ఉండేది పంపు పలక, దాన్ని ముట్టుకోకూడదు.

కోసేసిన అడ్డుపలక స్థానంలో పల్చటి ప్లైవుడ్ ముక్కలు చెక్కి, గాలి సిలిండర్ రెక్కల మధ్య నుంచి తప్ప వేరే దారిన పోకుండా చేశాం. కౌల్ అడుగున, క్యానిస్టర్ సొరంగం చివర కోసి, బయటికి దారి 160 దాకా పెంచాం. కౌల్ మళ్లీ రంగు వేయించాలని మాస్టారు కాస్త నొచ్చుకున్నారు. వేడి 150కి దిగాక ఆ మాట ఎత్తలేదు.

నీడిల్స్, ఆ తర్వాత థ్రాటిల్ కర్వ్

నీడిల్ తిప్పడంలో ఇప్పుడే అర్థం ఉంది. కౌల్ బిగించే తిప్పాలి. కౌల్ లేకుండా సెట్ చేసి తర్వాత కౌల్ బిగించుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఫుల్ థ్రాటిల్‌లో హై నీడిల్ మెల్లగా మూస్తూ ఆర్పీఎం ఎక్కడ ఆగిందో చూశాను. అక్కడి నుంచి నూట యాభై తగ్గేదాకా మళ్లీ తెరిచాను. గాల్లో ప్రాప్ బరువు తేలికై ఆర్పీఎం ఇంకా పెరుగుతుంది, నేలమీద అంచుకు పెడితే పైన ఎండుతుంది. తర్వాత లో నీడిల్. అరపావు చుట్టు చొప్పున మూస్తూ, ప్రతిసారీ స్లోలో అర నిమిషం ఉంచి ఒక్కసారిగా తెరిచి విన్నాను. టక్కుమని తడబడే చోటు రాగానే ఆగి, అరపావు వెనక్కి తెరిచాను. లో దారి ఫుల్ థ్రాటిల్‌లో కూడా కొంత పెట్రోల్ ఇస్తూనే ఉంటుంది, అందుకని దాన్ని మార్చాక హై మళ్లీ చూడాలి. చివరికి లో ఒకటింపావుకు వెంట్రుకవాసి ఎక్కువ, హై ఒకటిన్నర దాటి అరపావు దగ్గర కుదిరాయి.

మాస్టారి రిమోట్‌లో ఇంకో కిటుకు దొరికింది. దగ్గు తెలియకుండా ఉండటానికి థ్రాటిల్ సర్వో (కార్బురేటర్‌ని తెరిచే చిన్న మోటారు) అర సెకను ఆలస్యంగా కదిలేలా పెట్టుకున్నారు. అది తీసేశాను. రోగం తగ్గాక ఆ ఊతకర్ర అక్కర్లేదు.

అయినా ఆయనకు ఒక అసంతృప్తి మిగిలింది. "మేస్త్రీ గారూ, రిమోట్ మీద థ్రాటిల్ కర్ర సగానికి ముందే ఇంజన్ అరిచేస్తోంది. పైసగంలో ఏమీ లేదు." అది కార్బురేటర్ తప్పు కాదు. ప్రాప్ తిప్పడానికి కావలసిన శక్తి ఆర్పీఎం ఘనంతో పెరుగుతుంది. సగం ఆర్పీఎంకు ఎనిమిదో వంతు శక్తి చాలు. బటర్‌ఫ్లై (కార్బురేటర్‌లో గాలికి అడ్డుండే పలక) కొద్దిగా తెరుచుకోగానే ఆ శక్తి వచ్చేస్తుంది. కర్ర సగంలో ఉండగా 5,900 తిరుగుతోంది. ఈ విమానం గాల్లో వేలాడటానికి అడిగేది 5,000 దరిదాపులు, అది కర్ర మూడోవంతు దగ్గరే వచ్చేస్తోంది. అక్కడ వేలు వణికినా విమానం ఎగిరి గంతేస్తుంది.

ముందు యాంత్రికంగా చేయగలిగింది చేశాం. స్లోలో సర్వో చెయ్యి లింకేజీ గీతకు దగ్గరగా ఉండేలా తిప్పి పెడితే, మొదట్లో బటర్‌ఫ్లై నెమ్మదిగా, చివర్లో వేగంగా కదులుతుంది. మిగతాది రిమోట్‌లో అయిదు బిందువుల కర్వ్, అంటే కర్ర ఎక్కడుంటే సర్వో ఎంత శాతం కదలాలో చెప్పే పట్టిక: 0, 11, 27, 54, 100. ట్యాకో (ఆర్పీఎం మీటరు) చూస్తూ మాస్టారు కర్ర పట్టుకుంటే నేను అంకెలు మార్చాను. కర్ర సగంలో 4,700కి వచ్చింది. ఒక్క జాగ్రత్త: ఇంజన్ తడబాటును కర్వ్‌తో కప్పిపుచ్చకూడదు. నీడిల్స్, ఒత్తిడి సరిచేసి, పికప్ శుభ్రంగా వచ్చాకే కర్వ్ ముట్టుకోవాలి.

పొలంలో

చీపురుపల్లి వైపు నీళ్లింకిన చెరువు గర్భంలో ఎగరేశాం. భోగాపురం విమానాశ్రయం, విశాఖ నౌకాదళ విమానక్షేత్రం ఉన్న ప్రాంతం కాబట్టి డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకునే వెళ్లాలి. మాస్టారికి ఆ అలవాటు ముందునుంచీ ఉంది.

మొదట మామూలుగా తిప్పి, తర్వాత పైకి తీసుకెళ్లి స్లోలో నిలువుగా దించారు. కింద థ్రాటిల్ ఇచ్చిన క్షణంలో గొంతు మారలేదు, సాగలేదు, నేరుగా అందుకుంది. మళ్లీ ఎత్తు నుంచి, ఈసారి ఇంకా ఎక్కువసేపు దించారు. అదే. వేలాడదీసినప్పుడు కర్ర సగానికి కాస్త పైన నిలిచింది. దిగాక ప్లగ్ విప్పితే పింగాణీ లేత గోధుమ రంగులో, పొడిగా ఉంది. చుట్టుపక్కల తాటితోపు దగ్గర మేస్తున్న గేదెలు తలెత్తాయి గానీ పరుగెత్తలేదు. చప్పుడు ఎంత తగ్గిందో మీటరుతో కొలవలేదు, నాకు ఆ పరికరం లేదు.

మాస్టారికి కాగితం మీద రాసిచ్చినవి: నీడిల్ చుట్లు, ఆ రోజు ఎండ 35 డిగ్రీలు, ప్రాప్ కొలత, ఆయిల్ పాళ్లు, నేలమీద ఆర్పీఎం. డిసెంబరు తెల్లవారుఝామున 18 డిగ్రీలకు దిగితే గాలి దాదాపు ఆరు శాతం చిక్కబడుతుంది. అప్పుడు హై నీడిల్ అరపావు లోపే తెరిచి, ఆర్పీఎం చూసుకోమన్నాను. లో ముట్టుకోవద్దన్నాను. ప్రాప్ మారిస్తే కర్వ్ మళ్లీ ట్యాకోతో పెట్టుకోవాలి. టెఫ్లాన్ కప్లర్ నల్లబడి గట్టిపడితే అప్పుడే మార్చాలి. ఇత్తడి గొట్టానికి పెట్టిన ట్యూబు పొట్టలో బ్యాటరీ కింద నలగకుండా ప్రతిసారీ చూసుకోవాలి. ఆ చిన్న క్యానిస్టర్ మాస్టారి స్నేహితుడి 30 సీసీ విమానానికి వెళ్లింది. 480 మిల్లీలీటర్లంటే దానికి పదహారు రెట్లు.